పాటిదిబ్బ మీద తడిచీర మనిషి

వేమూరు దాటి రేపల్లె వైపు పోతుంటే, రైలు కట్టకు రెండు మైళ్ళ లోపలగా ఒక పాటిదిబ్బ ఉంది. ఊరి పేరు చెప్పను. చెప్పనని మాటిచ్చాను. ఆ చుట్టుపక్కల వాళ్ళకు ఎలాగూ తెలుసు. పొద్దుగుంకాక ఆ దిబ్బ పక్కనుంచి సైకిలు మీద పోయేవాడు బెల్లు కొట్టడు. కొడితే ఆవిడ తల తిప్పి చూస్తుందట.

ఆవిడంటే తడిచీర మనిషి.

దిబ్బ మీద పాత బావి ఒకటి ఉంది. వెడల్పు మూడడుగులు కూడా ఉండదు. అర్ధరాత్రి దాటాక అందులో చేద పడిన చప్పుడు — బుడుంగ్... కాసేపటికి నీళ్ళు ఒలికిన చప్పుడు. తెల్లారి వెళ్ళి చూస్తే బావి దగ్గర మొదలై గట్టు మీదుగా తడి అడుగులు. ఒక్క మనిషివే. ఆడమనిషివే. పొలాలకు నీళ్ళు పారే పంట బోదె దాకా వస్తాయి. అక్కడ ఆగిపోతాయి. అవతలి గట్టు మీద ఒక్క అడుగు కూడా కనపడదు...

డెబ్బై ఏడు ఉప్పెనలో కొట్టుకొచ్చిన శవమని కొందరు అనేవారు. ఎప్పుడో దాహంతో చచ్చిపోయిన బాటసారి అని కొందరు. అందరికీ కనపడ్డం మాత్రం తొంభై తుఫాను తర్వాతే మొదలైంది. అంతకుముందు పదమూడేళ్ళు ఆవిడ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. దెయ్యాన్ని లెక్కలు అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

నేను ఈ కథ విన్నది కృపారావు మాస్టారి నోట. తొంభై ఎనిమిదిలో, తెనాలి నుంచి రేపల్లె పోయే ఆఖరి పాసింజరులో. సిగ్నలు పడక చేల మధ్య బండి ఆగిపోయింది. పెట్టెలో లైట్లు ఆరిపోయాయి. ఎదురుగా మాస్టారు. పంచాయితీ నోటీసు చదివినట్టు చెబుతారు ఏదైనా. దెయ్యం కథ అలా చెబితే ఎక్కువ భయం వేస్తుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఆయన ఆ ఊరి హైస్కూల్లో సోషలు చెప్పేవారు. ఉండేది ఊరి బయట మాలపేటలో, లూథరన్ గుడి వెనక. తుఫాను తర్వాత మంచినీళ్ళు చెడిపోయి ఊళ్ళో కామెర్లు తిరిగాయి. ఆయన భార్య దేవకుమారి అందులో పోయింది.

“ఏడవలేదండి,” అన్నారు మాస్టారు. “రాలేదు. అన్నం తింటే చప్పగా ఉందో ఉప్పగా ఉందో తెలిసేది కాదు. గుడికెళ్ళడం మానేశాను. బడికి మాత్రం వెళ్ళేవాణ్ణి. కాళ్ళు వాటంతటవే పోయేవి.”

ఒకరోజు సాయంత్రం ఆ కాళ్ళే ఆయన్ని దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాయి. పాటిదిబ్బ అంటే ఒకప్పటి ఊరు మట్టిలో కలిసి గుట్టగా మిగిలిన చోటు. ఆ మన్ను చేలకు బలం. రైతులు తవ్వి, బండ్లకెత్తి తోలుకుంటారు. అలా సగం దిబ్బ అప్పటికే పొలాల్లో కలిసిపోయింది. తవ్విన చోట బావి పక్కభాగం బయటపడింది. కాల్చిన మట్టి వరలు, ఒకదాని మీద ఒకటి, గాజులు పేర్చినట్టు.

మాస్టారు గుంటూరు పురావస్తు ఆఫీసుకు ఉత్తరాలు రాశారు. ఒక ఆఫీసరు వచ్చి చూసి, రెండు వేల ఏళ్ళ నాటిదై ఉంటుందని చెప్పి, నోటుబుక్కులో రాసుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

“అప్పుడు అనిపించింది, మనమే పదిమందికీ చూపించాలని. బళ్ళో ఎగ్జిబిషను పెడదామనుకున్నా. జనం దిబ్బ ఎక్కి బావి చూస్తే దాన్ని తవ్వనివ్వరు. కానీ ఎవరు ఎక్కుతారు? దెయ్యం భయం. ముందు ఆ భయం వదిలించాలి.”

అందుకని తొంభై మూడు ఫిబ్రవరిలో ఒక రాత్రి దుప్పటీ, టార్చిలైటూ తీసుకుని మాస్టారు ఒంటరిగా దిబ్బ ఎక్కారు.

“భయం వెయ్యలేదా మాస్టారూ?”

“వేస్తే బాగుండుననుకున్నాను,” అన్నారాయన.

మంచు దిగుతోంది. ఊళ్ళో కుక్కలు కూడా సద్దుమణిగాయి. రెండవుతుందేమో... బావి దగ్గర ఏదో కదిలింది.

బుడుంగ్.

తెల్లటి ఆకారం. వంగి ఉంది. చేద తాడు పైకి వస్తోంది — నెమ్మదిగా, చప్పుడు లేకుండా. చీర అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మాస్టారు టార్చి వేశారు.

ఆకారం తల తిప్పింది.

“లైటు ఆర్పండి మాస్టారండీ...” గుసగుసగా అంది. “రాఘవయ్య గారి చావిట్లోకి కనబడుద్ది.”

జ్ఞానమ్మ. గుడి ఊడ్చే మనిషి. మాస్టారింటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. ఆమె వెనక, బోదెలో మోకాటి లోతు నీళ్ళలో, పదిమంది ఆడవాళ్ళు. చంకల్లో బిందెలు.

“నువ్వేంటి జ్ఞానమ్మా ఇక్కడ?”

“ఇవాళ దెయ్యం నేనేనండి.”

ఊరి మంచినీళ్ళ చెరువులో పేటవాళ్ళ బిందె మునగదు. వద్దని పైకి ఎవరూ అనరు. చూస్తారు, అంతే. కామెర్ల ఏడు పేటలో ఆరుగురు పోయాక, ఈ బావి నీళ్ళు బాగున్నాయని ఆడవాళ్ళు కనిపెట్టారు. కానీ దిబ్బ ఆ చావిడి ఆసామి వీరరాఘవయ్య గారిది. తెలిస్తే ఈ బావీ దక్కదు. అందుకే అందరూ బోదెలో దిగి వచ్చి బోదెలోనే పోతారు, అడుగు పడకుండా. ఒక్క మనిషి మాత్రం కావాలని తడికాళ్ళతో గట్టు మీద నడుస్తుంది.

“మూడేళ్ళ నుంచా? నాకు తెలియదే!”

“మీ ఇంట్లో కుండ రోజూ ఎవరు నింపుతున్నారనుకున్నారండీ?”

కుండ నిండి ఉంటోంది, తను తాగుతున్నారు. ఎవరు, ఎక్కడి నుంచి అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

“ఎవరికీ చెప్పకండి బాబూ,” అంది జ్ఞానమ్మ. “జనానికి భయం ఉన్నన్నాళ్ళే మాకు నీళ్ళు.”

చెప్పనన్నారు.

మార్చిలో ఎగ్జిబిషను జరిగింది. బెంచీల మీద వరల ముక్కలు, అడుగున్నర పొడవు ఇటుకలు, గుప్పెడు పూసలు. గోడకు రంగు సుద్దలతో గీసిన బావి బొమ్మ. బాపట్ల నుంచి ఇద్దరు లెక్చరర్లు కూడా వచ్చారు. ఊరివాళ్ళేమో, ఇలాంటి ఇటుక మీదే మా రుబ్బురోలు కూర్చోబెట్టామని ఒకరు, మా గొడ్లచావిడి మెట్టు ఇదేనని ఒకరు చెప్పుకుని నవ్వుకున్నారు. సుబ్బాయమ్మ అనే ముసలావిడ వర ముక్క మీద కుమ్మరి బొటనవేలి గుర్తు చూసి, అందులో తన వేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. చాలాసేపు వేలు తీయలేదు.

ఆ రోజు మాస్టారు బాగా మాట్లాడారట. వరను నేల మీద పెట్టి లోపలి మట్టి తోడుతుంటే అది దానంతట అది దిగుతుందనీ, దాని మీద ఇంకోటి పెడతారనీ, అలా ముప్పై వరలు దించారనీ చెప్పారు. మన ముందు వాళ్ళు నీళ్ళ కోసం ఇంత పడ్డారు, మనం కాపాడుకోవద్దా అన్నారు. జనం తలలూపారు.

అప్పుడు ముందు వరసలోంచి వీరరాఘవయ్య గారు లేచారు. మంచి మనిషి. బడికి బీరువా ఇచ్చినాయన.

“అంతా బాగుంది మాస్టారూ. మరి ఆ తడిచీర మనిషి సంగతేంటి?”

పద్దెనిమిదేళ్ళుగా దెయ్యాల్లేవని పిల్లలకు చెబుతున్న మాస్టారు. అందరి కళ్ళూ ఆయన మీదే.

“నేను ఒక రాత్రంతా అక్కడే పడుకున్నానండి. దెయ్యం లేదు, గియ్యం లేదు.”

చప్పట్లు మోగాయి. వెనక గోడకానుకుని నిలబడ్డ జ్ఞానమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అబద్ధం చెప్పలేదు. ఆడవాళ్ళ సంగతీ బయటపెట్టలేదు. రెండూ నిలబెట్టుకున్నాననుకున్నానండి,” అన్నారు మాస్టారు, రైలు చీకట్లో. “అప్పుడు రాఘవయ్య గారు నా చెయ్యి పట్టుకుని, ‘మంచిమాట చెప్పారు మాస్టారూ, మూడేళ్ళ నుంచి ఆ మూల తవ్వడానికి ఒక్క కూలీ రావట్లేదు’ అన్నారు.”

తవ్వకం ఆపించమని మాస్టారు ఎమ్మార్వోకి అర్జీ పెట్టారు. సోమవారం వచ్చి చూస్తామన్నారు. ఆ సోమవారానికి ముందు గుడ్‌ఫ్రైడే, రెండో శనివారం, ఆదివారం. మూడు రోజులు ఆఫీసుకు తాళం. ఆలోగా దిబ్బ చదును చేసేస్తే, వచ్చినవాళ్ళు చూడ్డానికి ఏమీ ఉండదు.

శనివారం రాత్రి ట్రాక్టరు వచ్చింది.

ఆ రాత్రి సంగతి, చాన్నాళ్ళ తర్వాత, దాన్ని తోలిన హనుమంతరావు చెబితే విన్నాను, వేమూరు టీ కొట్టు దగ్గర.

“నలుగురు కూలీలు బాబాయ్, పలుగులు, పారలు. చంద్రుడు అప్పుడే లేస్తున్నాడు. ఇంజను ఆపలేదు. లైట్లు బావి మీదికి తిప్పా. మొదటి పలుగు దించబోతున్నారు...”

బావి అవతల ఎవరో కూర్చుని ఉన్నారు.

తెల్లచీర. ముసుగు. ఇటు వీపు. చేద బావిలో వేసింది. తోడింది. నెత్తిన గుమ్మరించుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ తోడింది. మళ్ళీ గుమ్మరించుకుంది... వీళ్ళ వైపు చూడలేదు. ట్రాక్టరు ఉన్నట్టే ఎరగదు.

“ఎవరది — అన్నా. పలకలేదు. మళ్ళీ అన్నా. అప్పుడు మొదలెట్టింది బాబాయ్... ఏడుపు. నేను చావులు చూశా, ఏడుపులు విన్నా. అది మనిషి ఏడుపు కాదు. కడుపులో రాళ్ళు దొర్లినట్టు. ఆగదు. ఊపిరి తీసుకోదు.”

కూలీలు పలుగులు పడేసి పరిగెత్తారు. హనుమంతరావు వాళ్ళకంటే ముందు పరిగెత్తాడు. ట్రాక్టరు లైట్లు వేసుకుని అలాగే ఉండిపోయింది. డీజిలు అయిపోయేదాకా దిబ్బ మీద ఇంజను మోగుతూనే ఉందట. ఆదివారం ఎంత పిలిచినా డ్రైవరన్నవాడు రాలేదు. సోమవారం ఎమ్మార్వో వచ్చాడు. ఆ మూల మిగిలింది. బావి ఇప్పటికీ ఉంది. పక్కన బోర్డు కూడా పెట్టారు.

రైల్లో మాస్టారు కూడా ఆ ఏడుపూ, వీళ్ళ పరుగూ దాకా చెప్పి ఆగారు.

“పేట ఆడవాళ్ళే కదండీ?” అన్నాను, తెలివిగా.

“కాదండి.”

“అదేంటి?”

“తెల్లారితే ఈస్టరు. పేటంతా ముందు రాత్రే గుడిలో చేరిపోయింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ... అందరూ. తెల్లవారుజామున ఆరాధన అయ్యేదాకా ఒక్కరు బయటికి రాలేదు. జ్ఞానమ్మే తలుపు దగ్గర కూర్చుంది.”

బయట చేలల్లో కప్పలు అరుస్తున్నాయి. మాస్టారు కిటికీ వైపు తిరిగారు.

“గుడికి వెళ్ళనిది నేనొక్కణ్ణే.”

మాస్టారు కిటికీ రెక్క దించి ఇటు తిరిగారు.

“సాయంత్రం ట్రాక్టరు మాట చెవిన పడింది. గుడిలో చెబితే పదిమందీ కర్రలు తీసుకుని వస్తారు. నీళ్ళ దగ్గర కొట్లాట ఎక్కడిదాకా పోతుందో మన ప్రాంతం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ నోటితో నేనే కదా దెయ్యం లేదన్నది... ఇంటికెళ్ళి మా ఆవిడ పెట్టె తీశాను. ఆవిడ పోయాక మొదటిసారి. గుడికి కట్టుకునే తెల్లచీర పైనే ఉంది.”

“భయపెట్టాలని భలే ఏడ్చారే!” అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

“ఏడవాలనుకోలేదండి. ఊరికే నీళ్ళు పోసుకుంటే చాలనుకున్నా. మొదటి చేద పోసుకోగానే తడిసిన చీరలోంచి ఆవిడ వాసన వచ్చింది. తర్వాత వాళ్ళు ఎప్పుడు పారిపోయారో నాకు తెలియదు. ఇంజను మోగుతోంది, నేను ఏడుస్తున్నాను. తెల్లారింది.”

ఆరాధన కాగానే ఆడవాళ్ళు దిబ్బ దగ్గరికి పరిగెత్తుకొచ్చారట. లైట్లు వెలుగుతున్న ట్రాక్టరు, పడి ఉన్న పలుగులు, బావి అంచున ముద్దయిన చీరలో హైస్కూలు మాస్టారు. ఎవరూ నవ్వలేదు. జ్ఞానమ్మ దగ్గరికి వచ్చి, తన కొంగుతో ఆయన తల తుడిచింది. తర్వాత అటూ ఇటూ చూసింది.

“కుచ్చిళ్ళు అలా పెట్టరండి మాస్టారండీ,” అంది. “లేవండి, చూపిస్తా. గురువారం రాత్రి దెయ్యం వంతు మళ్ళీ మీదే.”