పుట్టిన ఊరికి వీసా

మహబూబ్‌నగర్ బస్టాండులో గోలీసోడా తాగుతున్న మనిషి సీసా కింద పెట్టకుండానే చచ్చిపోయాడు.

చుట్టూ మూగినవాళ్లు ఎండదెబ్బ అన్నారు. దవాఖానలో గుండెపోటన్నారు. హైదరాబాద్‌లో, బయట బోర్డు లేని ఒక ఆఫీసులో కూర్చున్న గూఢచారి విభాగం సెక్షన్ నైన్ చీఫ్ మాత్రం ఒక్కటే మాటన్నాడు.

"సైనైడ్."

ఎదురుగా నిలబడ్డ భిక్షపతి తల దించుకున్నాడు. పోయినవాడు ఐలేశం. గల్ఫ్‌కు పోయే కూలీ వేషంలో తిరుగుతున్న సెక్షన్ ఏజెంట్. అతనూ భిక్షపతీ ఒకే బ్యాచ్.

"కూర్చో," అన్నాడు చీఫ్. "జానయ్య అని, మహబూబ్‌నగర్‌లో గల్ఫ్ ఉద్యోగాల ఏజెంటు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తెప్పిస్తానని పాలమూరు కూలీల దగ్గర పాస్‌పోర్టులు తీసుకుంటాడు. అవి తిరిగి రావు. ఫొటో మార్చి విదేశీ ముఠాకు అమ్ముతాడు. వాళ్ల మనుషులు మన కూలీల పేర్లతో దేశంలోకి దిగుతున్నారు. తాజాగా దిగినవాడి కోడ్‌నేమ్ ప్రొఫెసర్. పాస్‌పోర్టులో పేరు గుర్వయ్య. ముఖం ఎవరూ చూడలేదు."

"టార్గెట్?"

"వచ్చే నెల పొరుగు దేశం నుంచి డెలిగేషన్ వస్తోంది. వీసా చర్చలు. సరిహద్దుకు అటూ ఇటూ చిక్కుకుపోయిన కుటుంబాలకు రాకపోకలు సులువు చేయాలని. ఢిల్లీలో సంతకాలకు ముందు నారాయణపేట చేనేత ప్రదర్శన చూస్తారు. వాళ్లు అక్కడే చస్తే చర్చలూ చస్తాయి. కొందరికి అదే కావాలి."

చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. నల్ల కళ్లద్దాలు, నీలం జార్జెట్ చీర, సినిమా తారలా నవ్వు.

"అజీజా బేగం. జానయ్య ఆఫీసులో పనిచేస్తుంది. పుట్టింది నారాయణపేటలో, అక్కణ్ణుంచే రోజూ బస్సులో వచ్చిపోతుంది. కరాచీలో పెళ్లయింది, అక్కడి పౌరసత్వం వచ్చింది. ఎనభై రెండులో మొగుడు పోతే కడుపుతో పుట్టింటికొచ్చింది. విజిట్ వీసా. అది ఎప్పుడో అయిపోయింది. కాగితాలు చేయిస్తానని జానయ్య ఆమెను గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆమెను మనవైపు తిప్పు."

"ఏమిస్తామని చెప్పాలి సార్?"

"ఆమెకు కావలసింది ఒక్కటే కదా. పౌరసత్వం."

"ఇస్తామా?"

చీఫ్ కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. "చెప్పమన్నాను."

భిక్షపతి మరో ప్రశ్న వేయలేదు. అడిగి ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

* * *

వారం తిరక్కుండా నారాయణపేట బజారులో షోలాపూర్ చీరల వ్యాపారి బసప్ప సేఠ్ ప్రత్యక్షమయ్యాడు. పట్టంచు ధోవతి, జరీ టోపీ, వేళ్లకు ఉంగరాలు. జేబులో కెమెరా దాచిన సిగరెట్ లైటర్. ఇంకో జేబులో ఫౌంటెన్ పెన్ను. దాని పాళీ కింద సూది, సూదిలో మత్తుమందు.

అజీజా అన్న మెహమూద్‌ది చిన్న చీరల దుకాణం. ఇల్లూ దుకాణమూ ఒకటే. సేఠ్ అక్కడ చీరలు తిరగేస్తూ రోజూ కాలక్షేపం చేసేవాడు. అజీజా కూతురు అమీనాకు ఆరేళ్లు. నాలుగు రోజుల్లో సేఠ్ ఒళ్లో కూర్చుని ఉంగరాలు లెక్కపెట్టేదాకా వచ్చింది. మెహమూద్ భోజనానికి కూర్చోమంటే సేఠ్ కూర్చునేవాడు.

ఒక సాయంత్రం మెహమూద్ నమాజుకు పోయినప్పుడు అజీజా ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లద్దాలు తీసేసింది.

"షోలాపూర్ సేఠ్ పప్పుల ఇంత చింతపండు పులుసు కలుపుకోని తింటడా? నల్లగొండ దిక్కు మాట దాచుకుంటే దాగుతదా? ఎవలు నువ్వు?"

భిక్షపతికి నవ్వొచ్చింది. దాచి లాభం లేదనిపించింది.

"రామన్నపేట మనిషిని. సర్కారు మనిషిని. జానయ్య ఆఫీసుల ఏం నడుస్తాందో నీకు ఎరికే. జర సాయం చెయ్యి. నీ కాగితాల సంగతి మేం చూస్తం. పౌరసత్వం ఇప్పిస్తం."

"జానయ్య గూడ గిదే మాటన్నడు."

"వాడు దొంగ. నేను సర్కారు తరఫున చెప్తున్న."

"సర్కారు మాటనేనా?"

"సర్కారు మాటనే."

ఆమె లోపలికి పోయి నిద్రమత్తులో ఉన్న అమీనాను ఎత్తుకొచ్చింది. "నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. ఈడ పుట్టిన, ఈడ్నే ఉంటా. ఎవ్వలు నన్ను ఎల్లగొట్టరని చెప్పు."

భిక్షపతి చెయ్యి పెట్టాడు. చెప్పాడు. చీఫ్ కళ్లజోడు తుడుచుకున్న తీరు ఆ క్షణంలో గుర్తుకు రాకపోలేదు. వచ్చినా చెప్పాడు.

ఆ రోజు నుంచి అజీజా రెండు వైపులా నడిచింది. లైటర్ తీసుకుపోయి జానయ్య బీరువాలోని పాస్‌పోర్టులన్నిటికీ ఫొటోలు తీసింది. ఫోన్‌లో మాటలు విని మోసుకొచ్చింది. డెలిగేషన్ నాయకుడి భార్యకు చీర బహూకరించే పని జానయ్య తనకే ఇప్పించాడని, ఆ చీరల డబ్బాలోనే టైంబాంబు పెడతారని చెప్పింది. భిక్షపతి వెంటనే ఫంక్షన్ ఆపించమని కబురు పెట్టాడు. చీఫ్ ఒప్పుకోలేదు. ప్రొఫెసర్ ముఖం బయటపడాలంటే ఆటను చివరిదాకా ఆడనివ్వాల్సిందే.

"డబ్బ నీ చేతికే ఇస్తే మైకుల చెప్పు. 'గీ చీరకు అంచు లేదు' అను. నాకు సమజైతది," అన్నాడు భిక్షపతి.

"ఆ ప్రొఫెసర్ ఎవడో నాకు తెల్వకపాయె."

"తెలుస్తది. ఫికర్ చెయ్యకు. నేను ఈడ్నే ఉంటా."

* * *

స్కూలు మైదానంలో షామియానా. ఎర్ర తివాచీ, రంగుల తోరణాలు, ముందు వరుసలో విదేశీ అతిథులు. జానయ్య పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కాడు. బసప్ప సేఠ్ వ్యాపారుల వరుసలో కూర్చుని తాంబూలం నములుతున్నాడు.

అజీజా వేదికెక్కింది. చేతుల్లో బంగారు కాగితం చుట్టిన డబ్బా. మైకు ముందుకొచ్చి నోరు తెరిచి, ఆగిపోయింది.

ఆమె చూపు పిల్లల వరుస దగ్గర నిలిచిపోయింది. అక్కడ అమీనా పక్కన నీలం కోటు వేసుకున్న మనిషి కూర్చుని చాక్లెట్ కాగితం విప్పి ఇస్తున్నాడు. రెండో చెయ్యి పిల్ల భుజం మీద వేశాడు. వేదిక వైపు చూసి, అజీజాకే అర్థమయ్యేట్టు చిన్నగా తలాడించాడు.

నోరు జారితే బిడ్డ దక్కదు. ఊరుకుంటే అందరూ పోతారు.

అజీజా నవ్వింది. ఫొటోలోని నవ్వే. ఉర్దూలో అతిథులకు స్వాగతం పలికి, ఉన్నట్టుండి తెలుగులోకి దిగింది.

"మా నారాయణపేట చీర అందరికీ ఎరికే. గని గీ చీరకు అంచు లేదు. కొంగేమో ఆడ నీలం కోటుకు చిక్కుకున్నది. ముందుగాల కొంగును ఇడిపియ్యుండ్రి."

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరో పకపకా నవ్వారు. నీలం కోటు మనిషి కూడా మర్యాదకు నవ్వాడు. పాలమూరు గుర్వయ్య పాస్‌పోర్టు మీద దిగినవాడికి తెలుగు ఒక్క ముక్క రాదు.

బసప్ప సేఠ్ లేచాడు. ధోవతి కుచ్చిళ్లు పట్టుకుని, తాంబూలం ఉమ్మేయడానికి పోతున్నట్టు పిల్లల వరుస పక్కగా నడిచాడు. జరీ టోపీ కింద పడింది. వంగాడు. పెన్ను పాళీ నీలం కోటు తొడలో దిగింది. ప్రొఫెసర్ కుర్చీలోనే ఒరిగిపోయాడు. చాక్లెట్ కింద పడిందని అమీనా ఏడుపు మొదలుపెట్టింది.

భిక్షపతి వేదిక మీదికి ఒక్క దూకు దూకాడు. అజీజా చేతుల్లోంచి డబ్బా లాక్కున్నాడు. లోపల టిక్ టిక్ అంటోంది. షామియానా వెనక తడికె తన్ని, ముళ్లకంపల్లో పడి, స్కూలు వెనకున్న పాడుబావి వైపు పరుగెత్తాడు. డబ్బా చేతులు వదిలి బావిలోకి పోయిందో లేదో భూమి అదిరింది. రాళ్లూ మట్టీ ఆకాశానికి లేచాయి. అతను బోర్లా పడి, చెవులు దిమ్మెక్కి, కాసేపు తను బతికున్నదీ లేనిదీ తెలియక పడుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి అజీజా కూతుర్ని చంకనేసుకుని పక్కన కూర్చుని ఉంది. "బతికినవా అన్నా?" అంటోంది. అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

* * *

జానయ్యను షాద్‌నగర్ దగ్గర బస్సులోంచి దించారు. ముఠా మొత్తం దొరికింది. కూలీల పాస్‌పోర్టులు కోర్టు సాక్ష్యాల కింద పోయాయి కాబట్టి అసలు గుర్వయ్యలెవరూ గల్ఫ్‌కు పోలేదు. ఢిల్లీలో సంతకాలయ్యాయి.

చీఫ్ చెయ్యి కలిపాడు. "నీకు మెడల్ వస్తుంది. ఇంకో చిన్న పనుంది."

బాంబు ఘటన తర్వాత పైనుంచి ఆర్డరొచ్చింది. గడువు దాటిన విదేశీయులను వెంటనే పంపించేయాలి. జిల్లాలో మొదటి పేరు అజీజా బేగం.

"సార్, ఆమె లేకపోతే డెలిగేషన్ లేదు, చర్చలు లేవు. ఆ సంతకాలు ఆమెలాంటి వాళ్ల కోసమే కదా!"

"ఆ సంతకాలు ఇకపై వచ్చేవాళ్లకు. ముందే వచ్చి ఉండిపోయినవాళ్లకు కాదు. మన దగ్గర కాందిశీకులకంటూ చట్టం లేదు. విదేశీయుల చట్టం ఉంది. ఆమె విదేశీయురాలు. పైగా ముఠా ఆఫీసులో పనిచేసింది."

"మన కోసం చేసింది. నేను మాటిచ్చాను."

"నువ్వు ఇచ్చావు. ప్రభుత్వం ఎక్కడిచ్చింది?"

"మరి పాప?"

"ఇక్కడ పుట్టింది. భారత పౌరురాలు. ఆమెను పంపే అధికారం మనకు లేదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆమెను నువ్వే తీసుకెళ్లు. నిన్ను నమ్ముతుంది. గొడవ చేయదు."

రాజీనామా చేద్దామనుకున్నాడు. కాగితం కూడా తీశాడు. పెళ్లాం, పిల్లలు, క్వార్టరు గుర్తొచ్చాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గూఢచారిగా ఎన్నో వేషాలు వేశాడు గానీ, ఆ రోజు ప్యాంటూ చొక్కాలో సొంత ముఖంతో నారాయణపేట బజారులో నడుస్తుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

మెహమూద్ కూర్చోమనలేదు. గోడవైపు తిరిగి చీరలు మడత పెడుతూ ఉండిపోయాడు. అమీనా మాత్రం అతణ్ణి గుర్తుపట్టలేదు. టోపీ, ఉంగరాలు లేవుగా.

అతను చెప్పిన సంగతి అజీజా విన్నది. కేకలు వేస్తుందనుకున్నాడు. వేసి ఉంటే బాగుండేది.

"బిడ్డను తోలుకపోనిస్తరా?"

"ఇయ్యరు."

"గట్లనా." సందూకు తెరిచి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది, "బిడ్డకు నువ్వేం చెప్పకు. మా అన్న చెప్పుకుంటడు. నీ నోటితోని ఏం చెప్పకు."

రైలు మారి రైలెక్కుతూ సరిహద్దు దాకా పోయారు. దారి పొడుగునా ఆమె కిటికీ వైపే చూసింది. అతను టీ తెచ్చిపెడితే తాగింది. అన్నా అని మళ్లీ పిలవలేదు.

అట్టారీలో కౌంటర్ దగ్గర ఇమిగ్రేషన్ ఆఫీసర్ హిందీలో అడిగాడు. అజీజాకు హిందీ, ఉర్దూ రెండూ వచ్చు. కానీ తెలుగులోనే జవాబిచ్చింది. భిక్షపతి పక్కన నిలబడి ఒక్కొక్క మాటా తర్జుమా చేయాల్సి వచ్చింది.

"పేరు?"

"అజీజా బేగం."

"ఇండియాకు వచ్చిన కారణం?"

"పుట్టనీకి వచ్చిన."

భిక్షపతి ఆ మాటను ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు.

ఆఫీసర్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఫారంలో ఆ గడిలో 'పర్యటన' అని రాసుకున్నాడు.