కొసరు బుడ్డి

"ఆగవయ్యా సూరీడా, ఆగి చూడయ్యా,
నా కడవ నిండేదాకా కొండ దిగకయ్యా…"

ఆ తర్వాతి చరణం ఏమిటో మేస్త్రి భార్యకు ఎంత తడుముకున్నా గుర్తుకు రాదు. రెండు జడల వయసులో పాడుకున్న పాట అది. మిగతాది కాలం మింగేసింది. ఉన్న రెండు ముక్కలే కూనిరాగం తీస్తూ, ఆ మధ్యాహ్నం ఆవిడ తడిగుడ్డ పట్టుకుని గాజు బుడ్లు తుడవడానికి కూర్చుంది.

ఆవిడ భర్త రేడియోలు బాగుచేసే మేస్త్రి. మూడేళ్ళ కిందట గొంతులో పుండు లేస్తే డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ కింద చొక్కా గుండీ అంత చిల్లు మిగిలింది. ఊపిరి అందులోంచే. మాట మాత్రం పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. ఆ రాత చదవడానికే ఆవిడ అరవయ్యో ఏట అక్షరాలు దిద్దింది. చిల్లులో కఫం చేరితే పొద్దునా సాయంత్రం ఆవిడే తీసి శుభ్రం చేసేది. ఒక్కనాడూ ముక్కు చిట్లించలేదు.

మాట లేకుండా ఉండలేక మేస్త్రి ఒక వాద్యం కట్టడం మొదలుపెట్టాడు. పాతకాలపు నియాన్ బుడ్లు కావాలి దానికి. బుడ్డిలో కరెంటు పొయ్యి మీది పాలలా నిండి, పొంగి, అణిగి, మళ్ళీ పొంగుతుంది, సెకనుకు కొన్ని వందలసార్లు. ఆ పొంగడమే స్వరం. పన్నెండు బుడ్లు, పన్నెండు మీటలు. ఆ స్వరాన్ని రబ్బరు గొట్టంతో నోట్లోకి తెచ్చుకుని పెదాలు ఆడిస్తే మాట అవుతుందని ఆయన లెక్క.

బుడ్లు తెచ్చింది పాతసామాన్లవాడు.

"మూతపడ్డ ఆసుపత్రి యంత్రంలోవి, మేస్త్రీ. పన్నెండు తీసుకోండి, ఒకటి కొసరు."

"కొసరెయ్యడానికి ఇవేమన్నా వంకాయలా?" అంది ఆవిడ.

"పుణ్యముంటుంది, ఉంచుకోమ్మా. ఆ పదమూడోది సంచిలో ఏ మూల పెట్టినా అక్కడంతా తడి చేస్తోంది."

మేస్త్రి ఒక్కొక్కదాన్ని పరీక్షించి తెల్ల సిరాతో అంకెలు వేశాడు. పలక మీద రాశాడు: 'పదమూడోది పెట్టకూడదు. లోపల చెమ్మ ఉంది.' గాలి కూడా చొరబడని గాజులోకి చెమ్మ ఎలా వచ్చిందో ఆయనకే అంతుపట్టలేదు.

ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? బుడ్ల నిండా పసుపుపచ్చటి జిడ్డు. దానికి అంటుకున్న వెంట్రుకలు. పాచిపళ్ళ కంపు. సబ్బునీళ్ళు పెట్టి కసిగా రుద్దింది. అన్నీ తళతళలాడాయి. అప్పుడు చూసుకుంటే ఒక్క అంకె కూడా మిగల్లేదు.

చెబుదామనే లేచింది. గుమ్మంలో మేస్త్రి, కొత్త రబ్బరు గొట్టం మెడలో వేసుకుని పసివాడిలా నవ్వుతున్నాడు. మూడేళ్ళ తర్వాత మొదటి నవ్వు. పలక ఎత్తి చూపించాడు: 'ఇవాళ నీతో మాట్లాడతా.'

ఆ నవ్వు చెరపలేక వెనక్కి తిరిగి బుడ్ల ముందు కూర్చుంది. కడిగిన బుడ్లు, అన్నిటికీ తడే, చెమ్మది ఏదో తెలియదు. అందాజుగా పన్నెండు ఏరి ఇచ్చింది. మిగిలినదే ఆ పాడుదై ఉండాలని మొక్కుకుంటూ దాన్ని డబ్బాలో వేసి మూత బిగించింది.

వెలుతురు తగిలితే ఆ బుడ్ల శ్రుతి మారుతుంది. అందుకని కిటికీలకు దుప్పట్లు కట్టి పట్టపగలే గదిని చీకటి చేశారు. స్విచ్చి వేయగానే పన్నెండు నారింజ మినుకులు వెలిగాయి. కాలిన దుమ్ము వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన… చాలాకాలం మూసి ఉన్న నోరు తెరిచినట్టు.

మేస్త్రి గొట్టం నోట్లో పెట్టుకుని మీట నొక్కాడు. పెదాలు కదిలాయి.

"ఒ…సే…య్."

ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"వింటున్నావా?"

"వింటున్నానండీ. రేకు డబ్బాలో కందిరీగ దూరినట్టుంది. అయినా మీరే."

"నీ కూరలో… ఉప్పెక్కువ. మూడేళ్ళుగా… చెబుదామని."

"పలక మీద రాసి చావొచ్చుగా!"

"రాస్తే… తిట్టినట్టుండదు."

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు చిల్లులోంచి బుసబుసమని వచ్చింది.

"నీ పాట పాడు. శ్రుతి చూస్తా."

ఆవిడ పాడింది, ఆయన వాయించాడు. రెండు ముక్కలూ అయిపోయాయి. ఆవిడ ఆగింది.

వాద్యం ఆగలేదు.

మరిచిపోయిన చరణం… అదే, అక్షరం పొల్లుపోకుండా. ఆయన వేళ్ళు మీటల మీద లేవు. పెదాలు కదలడం లేదు. ఆ గొంతు ఆయనది కాదు. కఫం నిండిన గొంతు. ఒక్కో మాటనీ చప్పరించి, నమిలి, మింగుతూ పాడుతోంది…

"ఏమండీ… గొట్టం తీసేయండి."

తీయబోయాడు. రాలేదు. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. మెడ చిల్లుకు అడ్డం కట్టుకున్న గుడ్డముక్క లోపలికి ముడుచుకుపోయింది. గొట్టం వెంట చిక్కటి చొంగ, ఆయన నోట్లోంచి వాద్యం పెట్టెలోకి పాకుతోంది. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా బుడ్ల లోపల ఆవిరి పడుతోంది. పదకొండింట్లో ఆవిరే. ఒక్కదానిలో మాత్రం పచ్చటి కఫం తీగలు… సాగుతూ… ముడిపడుతూ…

పదమూడోది అదే.

చెయ్యి చాచి పట్టుకుంది. గాజు కాదది. మెత్తగా… వెచ్చగా… గరుకుగా. నాలుక. ఆవిడ వేళ్ళ సందులు నాకింది.

రోతతో చెయ్యి వెనక్కి లాగేసుకుంది. మూడేళ్ళలో మొదటిసారి. ఒక్క క్షణం.

ఆ ఒక్క క్షణమే. తేరుకుని గోడ దగ్గరికి ఉరికి ప్లగ్గు పీకేసరికి మేస్త్రి బల్ల మీదికి వాలిపోయాడు. చిల్లు దగ్గర వేలు పెట్టి చూసింది. గాలి లేదు. తడీ లేదు. కఫం చుక్కైనా లేకుండా ఎండిన తోలులా ఉంది.

"ఏమండీ…"

ప్లగ్గు ఆవిడ చేతిలోనే ఉంది. బుడ్లు ఆరలేదు. నేల మీద పడ్డ గొట్టం చివర ఒక బుడగ ఉబ్బి, పగిలింది. దాని వెనకే మాట వచ్చింది. కందిరీగ రొద కాదు. మూడేళ్ళ కిందటి గొంతు, అచ్చంగా ఆయనదే, గుసగుసగా:

"ఒసే… ఇందులో ముందే ఎవరో ఉన్నారే. జరగమంటే జరగనంటున్నారు."