నవసాగరంలో g విలువ

ఇనుప గుండు అయిదు మీటర్ల ఎత్తు నుంచి జారి, కింద రబ్బరు పలక మీద ధన్‌మని పడింది. టైమరు 1.00 సెకండు చూపించింది.

"g పది వచ్చింది మేడమ్," అంది షాహీన్.

"పదెలా వస్తుందమ్మా? మళ్ళీ వదులు," అంది ఫిజిక్సు లెక్చరర్ నళిని. మూడంతస్తులు ఎక్కివచ్చిన మోకాళ్ళు సలుపుతున్నాయి. కుర్చీలోంచి లేచే ఓపిక లేదామెకు.

మళ్ళీ 1.00.

"టైమరు పాడైనట్టుంది. 1.01 అని వేసుకో, 9.8 వచ్చేస్తుంది. పరీక్షలో మాత్రం ఇలా వాదించకు తల్లీ, మార్కులు పోతాయి."

నవసాగరం కాలేజీల్లో ఇది మామూలు తంతే. గుణకారం తేలికని లెక్కల్లో g ని, అంటే గురుత్వ త్వరణాన్ని, పది అనుకుంటారు. ల్యాబులో మాత్రం 9.8 రావాలి. రాకపోతే జవాబు నుంచి వెనక్కి నడిచి రీడింగులు పుట్టిస్తారు. పిల్లల్ని అని ఏం లాభం, మేష్టర్లు నేర్పిన విద్యే.

పాపం, ఈసారి గుండు నిజమే చెప్పింది. ఊరి కింద శాస్త్రవేత్త డాక్టర్ హేమచంద్ర అమర్చిన భారయంత్రం నెల్లాళ్ళుగా తిరుగుతోంది. భూమి ఆకర్షణకు అది తన లాగుడు కాస్త కలుపుతుంది. దాంతో కిందపడే వస్తువు మొదటి సెకండులో 4.9 మీటర్లకు బదులు నిండుగా అయిదు మీటర్లు పడుతుంది. పిల్లల లెక్కా, లోకమూ ఒకటి కావాలని నగరసభ ముచ్చటపడింది మరి. యాభై కిలోల మనిషికి ఒంటి మీద ఇంకో కిలో ఎక్కినట్టుంటుందని మాత్రం ఎవరూ ఆలోచించలేదు. రీడింగులు నిజాయితీగా రావాలని సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

ప్రాక్టికల్స్ అయ్యాయి. అన్ని కాలేజీల నుంచీ 9.8 వచ్చింది. హేమచంద్ర నీరుగారిపోయి నళిని దగ్గరికొచ్చి ఉన్నదంతా చెప్పాడు.

"వయసు మీదపడిందనుకున్నానండీ," అందామె. "మెట్లెక్కలేక పోయినవారమే రాజీనామా ఇచ్చేశాను."

"నన్ను క్షమించండి మేడమ్. యంత్రం తాళం సభ దగ్గరుంది. అసలది పనిచేయడం లేదని వాళ్ళ నమ్మకం. పనిచేయనిదాన్ని ఆపడమెందుకంటున్నారు. నా రీడింగులేమో నమ్మరు. మీ ల్యాబులో ఒక్క పది చూపిస్తే, మనుషుల మీద బరువు పడుతోందని ఒప్పించి యంత్రం ఆపిస్తాను. మీరు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు."

"పది వచ్చిందండీ ఒకమ్మాయికి. నేనే దిద్దించాను." ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు నగరసభ సభ్యుడొకాయన ల్యాబుకు వచ్చాడు. ప్రయోగం విద్యార్థే చేయాలి, సంగతి ఆ విద్యార్థికి తెలియకూడదు, మిగతావాళ్ళు గుమ్మం బయట నిలబడాలి అన్నాడు. నళిని షాహీన్‌నే పిలిపించింది.

"ఎంత వస్తే అంతే చెప్పమ్మా," అంది బయటికి వెళ్తూ. గుమ్మం దగ్గర ఆగి అదే మాట మళ్ళీ చెప్పింది.

షాహీన్ తలూపింది. మేడమ్ అంత భయపడగా ఎప్పుడూ చూడలేదు. ఈవేళ తనవల్ల ఆమెకు మాట రాకూడదనుకుంది.

సభ్యుడు, ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్లందరిలాగే, టైమరు వైపు చూడకుండా కుర్చీలో కూర్చుని కలం తీశాడు. గుండు పడింది. టైమరు మీద 1.00 వెలిగింది. షాహీన్ దాన్ని ఒక్క క్షణం చూసి, సున్నా బటన్ నొక్కేసింది.

"1.01 సార్. g విలువ 9.8."

గుమ్మం అవతల నళిని గోడకు చేరగిలబడింది.

"పిల్లను బాగా తయారుచేశారు మేడమ్," అన్నాడు సభ్యుడు సంతకం పెడుతూ.