రెండు దెబ్బలకు ఒకడు

శీతల గిడ్డంగిలో వేడిగా ఉండేది కంప్రెసర్ గది ఒక్కటే. మిగతా భవనమంతా పళ్ల క్రేట్లు గుండెలకు హత్తుకుని చలికి ముడుచుకు పడుకుంటే, ఈ గదిలో మోటార్లు రొప్పుతుంటాయి. నూనె కాగిన వాసన. బనీను పిండితే నీళ్లు కారేంత ఉక్క. ఫిట్టర్‌కు ఆ ఉక్కంటే ఇష్టం. చలిలో చేతులు కొయ్యబారిపోయిన వాడికి తెలుస్తుంది చెమట పట్టడం ఎంత సుఖమో.

గోడవారన ఒక పాత కంప్యూటర్. ఏ చాంబర్‌లో చలి ఎంతుందో చూపించడానికి పెట్టారు. మేస్త్రి బతికుండగా అందులోకి ఒక ఫుట్‌బాల్ ఆట ఎక్కించాడు. బంతి తన్నే ఆట కాదు, జట్టును నడిపే ఆట. ఎవణ్ణి దించాలి, ఎవణ్ణి కూర్చోబెట్టాలి, ఎవడిచేత ఏం సాధన చేయించాలి, అంతా మన పెత్తనమే. మేస్త్రి మొదటి జట్టును తన చేతిలో ఉంచుకుని, రిజర్వ్ జట్టును ఫిట్టర్‌కు వదిలేశాడు. పెళ్లికొడుకులు నాకు, తోడుపెళ్లికొడుకులు నీకు అని నవ్వేవాడు.

ఫిట్టర్ దాన్ని తక్కువగా తీసుకోలేదు. పని పర్మినెంటు కాకముందు ఏళ్ల తరబడి గేటు బయట నిలబడ్డ మనిషి అతను. లోపలివాడికి ఒళ్లు బాగాలేకపోతేనే ఇతనికి ఆ పూట పని. ఇంకొకడి జ్వరం కోసం కాచుకునే బతుకు ఎంత సిగ్గుచేటో పడ్డవాడికే ఎరుక. అందుకే తెరమీది ఆటగాళ్లనైనా ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. ఆట ఇచ్చిన పేర్లకు నోరు తిరక్క, కొందరికి గిడ్డంగి పనివాళ్ల ముద్దుపేర్లు తగిలించాడు. గోల్‌కీపర్‌కు మాత్రం తన బామ్మర్ది పేరు పెట్టాడు. ఒకచోట కాలు నిలవనివాడని అందరూ అతన్ని బొంగరం అంటారు.

మోటార్ల హోరులో కేకలు వినబడవు. చాంబర్లో మనిషి కావాల్సి వస్తే మేస్త్రి స్పానర్‌తో గొట్టం మీద కొట్టేవాడు. ఆ చప్పుడు గొట్టం వెంట పాకి ఈ గదిలో మోగేది. రెండు దెబ్బలంటే, ఒకణ్ణి పంపు అని. ఆ అలవాటు ఆటలోకీ వచ్చేసింది. మొదటి జట్టులో ఎవడికైనా కాలు బెణికితే చాలు, బల్ల పక్క గొట్టం మీద టంగ్ టంగ్. ఫిట్టర్ రిజర్వ్‌లోంచి ఒకణ్ణి పైకి పంపేవాడు.

మేస్త్రి మూడో చాంబర్లో పోయాడు. తలుపు మూసుకుపోయింది. లోపలినుంచి తీసే పిడి ఊడిపోయిందని నెలల తరబడి మొత్తుకున్నారు. యజమాని చెవికెక్కలేదు. ఆ రోజు ఫిట్టర్ సెలవు. గొట్టం ఎంతసేపు మోగిందో, విన్న నాథుడు లేడు. తరవాత ఆ యజమాని పెద్దమనిషి ఏం చేశాడు? తలుపుకు బయటివైపు కొత్త రంగు వేయించాడు. పిడి వేయించలేదు. పైపెచ్చు, పని మాని కబుర్లాడుతున్నారని ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించాడు.

మేస్త్రి ఖాళీలో బామ్మర్దిని పెట్టించింది ఫిట్టరే. నా తమ్ముణ్ణి ఆ మంచుకొట్లోకి తోయకు అని భార్య ఏడ్చింది. నేనున్నాగా అన్నాడు ఇతను. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకునేది ఉండదు.

ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. తలుపు తీసే ఉన్నా, పట్టపగలే కంప్రెసర్ గదిలో దీపం వేయాల్సి వచ్చింది. మూడో చాంబర్ ఫ్యానుకు మంచు కట్టిందని బామ్మర్ది చూడబోయాడు. తలుపుకు క్రేటు అడ్డం పెట్టరా అని ఫిట్టర్ వెనకనుంచి అరిచాడు.

"పెడతాలే బావా. మా అక్కకంటే ఎక్కువ సతాయిస్తున్నావు."

ఫిట్టర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మేస్త్రి పోయాక ఆ ఆట తెరవలేదు. ఎందుకో ఆ రోజు చెయ్యి అటే పోయింది.

తెరిచి చూస్తే మొదటి జట్టు చాలా మ్యాచ్‌లు ఆడేసింది. ఆటలో తేదీ ఎంతో ముందుకు పోయింది. పైన నడిపేవాడి పేరు మేస్త్రిదే. ఎవడో ఆకతాయి ఆడి ఉంటాడనుకున్నాడు. కానీ ఈ గది తాళంచెవి తన మొలకే ఉంటుంది...

గాలి ఈడ్చి కొట్టింది. కంప్రెసర్ గది ఇనుప తలుపు దభాలున మూసుకుంది. బయటి గడియ పడిన చప్పుడు.

టంగ్. టంగ్.

గొట్టం మోగింది.

ఫిట్టర్ లేచి తలుపు మీద పడ్డాడు. భుజంతో గుద్దాడు. అరిచాడు. మోటార్ల హోరు అతని గొంతును అతనికే వినబడనివ్వలేదు. గోడకు కిటికీ లేదు. పైన ఫ్యాను తిరిగే కంత ఒక్కటే, అందులో పిల్లి కూడా పట్టదు.

టంగ్. టంగ్.

తెరమీద ఒక ముక్క వెలిగింది. మొదటి జట్టుకు ఒకడు కావాలి.

దాని కిందే చాంబర్ల చలి లెక్క. మూడో చాంబర్ అంకె దిగిపోతోంది. ఎప్పుడూ దిగనంత కిందికి. లోపల బామ్మర్ది ఉన్నాడు, ఒంటిమీద పల్చటి చొక్కాతో. మోటార్ల స్విచ్చి కట్టినా అవి ఆగలేదు.

ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఫిట్టర్ ఒక ఆటగాణ్ణి పైకి పంపాడు. అలవాటైన చెయ్యి.

అంకె ఆగింది.

పంపినవాడి కోసం మొదటి జట్టులో వెతికాడు. లేడు. రిజర్వ్‌లోనూ లేడు. ఎక్కడా లేడు...

టంగ్. టంగ్. అంకె మళ్లీ దిగింది. ఇంకొకణ్ణి పంపాడు. ఆగింది. మళ్లీ మోగింది. ఇంకొకడు. ఏళ్ల తరబడి ఒక్కొక్కణ్ణే సాకి, తర్ఫీదిచ్చి, వంతు వస్తుందిరా అని నిలబెట్టిన వాళ్లను గుప్పిళ్లతో తీసి ఎక్కడికో విసిరేస్తున్నట్టుంది. మధ్యమధ్య వెళ్లి తలుపు గుద్దుతున్నాడు. చేతులు చిట్లాయి. గది చల్లబడుతోంది. నూనె వాసన పోయి లవంగం వాసన కమ్ముకుంది. మేస్త్రి బుగ్గన ఎప్పుడూ లవంగం ఉండేది.

చివరికి రిజర్వ్‌లో ఒక్కడే మిగిలాడు. గోల్‌కీపర్. బొంగరం.

టంగ్. టంగ్.

ఫిట్టర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అంకె దిగుతోంది.

చెవి వెనక ఎవరో ఊపిరి వదిలారు. మంచు ముక్క ఆనించినట్టు.

"కీపర్ని పంపవయ్యా ఫిట్టరూ..."

ఇతను వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. కానీ లొంగే అలవాటూ లేదు. పర్మినెంటు కోసం చేసిన సమ్మెలో, గేటు దగ్గర లాఠీలు తిరిగిన రోజున కూడా ఇంకొకణ్ణి ముందుకు తోసి తాను వెనక దాక్కున్న మనిషి కాదు.

"వాడికి నేనున్నానన్నాను మేస్త్రీ" అని గొణిగాడు.

గోల్‌కీపర్ పేరు మీద నొక్కాడు. బొంగరం అన్న అక్షరాలు ఒక్కొక్కటే చెరిపాడు. వేళ్లు కీబోర్డుకు అంటుకుంటున్నాయి. ఆ చోట ఫిట్టర్ అని కొట్టాడు.

పైకి పంపాడు.

మోటార్లన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, బయటి గడియ మెల్లగా... చాలా మెల్లగా... ఎవరో మర్యాదగా తీసినట్టు లేచింది.

పరుగెత్తాడు. మూడో చాంబర్ తలుపు లాగాడు. క్రేటు లోపల చితికి పడుంది. దాని పక్కనే బామ్మర్ది గొంతుక్కూర్చున్నాడు. కనురెప్పల మీద మంచు పొడి. ప్రాణం ఉంది. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చి, కంప్రెసర్ పక్కన పడేసి, ఒళ్లంతా రుద్దాడు. వాడికి మాట రావడానికి చాలాసేపు పట్టింది.

గొట్టం కొట్టి మంచి పని చేశావురా అన్నాడు ఫిట్టర్. తనకు తాను చెప్పుకోవాలని.

"నేనెక్కడ కొట్టాను బావా? స్పానర్ బల్ల మీదే మర్చిపోయా." పళ్లు టకటకలాడుతున్నాయి. "లోపల ఇంకెవరో కొట్టారు. కొట్టినప్పుడల్లా నా పక్కన ఒకడు కొత్తగా వచ్చి నిలబడేవాడు. చీకట్లో మొహాలు కనబళ్లేదు. అందరూ వరసగా నిలబడి... కీపర్ ఇంకా రాలేదేం అనుకుంటున్నారు."

మర్నాడు ఫిట్టర్ తన చేత్తోనే చాంబర్లన్నిటికీ లోపలి పిడులు బిగించాడు. అడ్డొచ్చిన యజమానిని మొహం మీదే కడిగేశాడు. బామ్మర్దిని పని మానిపించాడు. తనూ మానేద్దామనుకుని, చివరిసారి ఆట తెరిచాడు. రిజర్వ్ జట్టు నిండా కొత్త పేర్లు. మొదటి జట్టులో కీపర్ పేరు ఫిట్టర్. రిజర్వ్‌ను నడిపేవాడి పేరు చోట బొంగరం అని ఉంది. చెరిపితే చెరగలేదు. తను రాని రోజున ఆ గొట్టం ఎవరికోసం మోగుతుందో అర్థమైంది. ఇక పని మానడం కుదరదు.

ఒక్కసారి మాత్రం జ్వరం తగిలి ఇంట్లో ఆగాడు. నడి ఎండాకాలం. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చున్నాడు. మాట్లాడుతుంటే నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. భార్య చూసి పొయ్యి మంట పెంచింది. బామ్మర్ది చూడ్డానికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు.

గోడలో నీళ్ల గొట్టం మోగింది. రెండు దెబ్బలు.

బామ్మర్ది ఒక చెప్పు కాలికే ఉంచుకుని ఆగిపోయాడు.

"పై ఇంటివాళ్లు కొళాయి బాగు చేయించుకుంటున్నట్టున్నారు" అంది భార్య, ఇద్దరివైపూ చూడకుండా.

ఫిట్టర్ లేచి చొక్కా తొడుక్కున్నాడు. వాళ్ల ఇంటికి పైన ఇల్లు లేదు.