పెనుకొండ కట్టలో కొస దారం

"దీంట్లో ఏమి లోపం ఉండాదో చెప్పు సామీ," అంటూ బెంగుళూరు ఏజెంటు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "కాలితో తొక్కితే తీగ దిగుతుంది, పుస్తకం కుట్టుకుపోతుంది. నలుగురు ఆడోళ్లు దినమంతా కుట్టేది పొద్దు నెత్తికెక్కే లోపల కుట్టి పారేస్తుంది."

వెంకటేశులు కాగితంలోని మెషిన్ బొమ్మను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"తీగ తుప్పు పడుతుంది."

"పట్టదు. పూత వేసినారు."

"చప్పుడెక్కువ."

"బెల్లం మండీ పక్కన అంగడి పెట్టుకోని చప్పుడంటావే!"

"రంగు కూడా బాగలేదు."

ఏజెంటు చేతిలోని సంచీ కింద పెట్టేశాడు. "నేను చూపిస్తాండేది మెషిన్నా, పెండ్లికూతురినా?"

లోపల పొయ్యి మీద మైదా జిగురు కలుపుతున్న వెంకటేశులు అవ్వ కదిరమ్మ పకపకా నవ్వింది. వెంకటేశులు మాత్రం నవ్వలేదు. వచ్చేవారం మళ్లీ రమ్మని ఏజెంటును సాగనంపాడు.

అరవై నాలుగో సంవత్సరం అది. హిందూపురంలో పుస్తకాల బైండింగు అంగళ్లు రెండే ఉండేవి. రెండో అంగడివాళ్లు అప్పటికే కుట్టు మెషిన్ తెచ్చుకున్నారు. బడులు తెరిచేలోగా పుస్తకాలు అందించకపోతే ఆర్డర్లన్నీ వాళ్లకే పోతాయి. నాయన పోయాక అంగడి నడుపుతున్న వెంకటేశులుకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ కుట్టు మెషిన్ కొంటే పెనుకొండకు పోయే పని ఉండదు. పెనుకొండకు పోయే పని లేకపోతే నీలావతి కనబడదు. మెషిన్ రంగు బాగలేకపోవడానికి అసలు కారణం అదీ.

అతని అంగడి పుస్తకాలన్నీ పెనుకొండలో నాగేంద్రమ్మ ఇంట్లో చేతికుట్టు పడేవి. మడిచిన కాగితాల కట్ట భుజాన వేసుకుని పొద్దున రైలుకు పోవడం, కుట్టినవి తెచ్చి అట్టలు కట్టడం నాయన నాటి నుంచి వస్తున్న ఏర్పాటు. నాగేంద్రమ్మకు చూపు మందగించడంతో సాయంగా ధర్మవరం నుంచి ఆమె అన్న కూతురు నీలావతి వచ్చింది. వెంకటేశులు మొదటిసారి ఆ పిల్లను చూసిన రోజు వాన కుండపోతగా కురుస్తోంది.

"ఏమప్పా, పుస్తకాలు తెచ్చినావా, చెరువు తెచ్చినావా?" అందామె, నీళ్లు కారుతున్న కట్టను చూసి.

"వాన నేను కురిపించలేదమ్మా."

"గొడుగు పట్టింది మాత్రం నువ్వే కదా. నీ తల పొడిగా ఉండాది, పుస్తకాలు తడిసినాయి. తల ఆరబెట్టుకుంటే ఆరుతుంది. కాగితం ఆరుతుందా?"

వెంకటేశులుకు కోపం నషాళానికి అంటింది. దారి పొడుగునా, రైల్లో కూడా ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబులు వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

ఆ పై వారమూ వానే. ఈసారి గొడుగు మొత్తం కట్టకే పట్టి, తను నిలువునా తడిసి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. నీలావతి కట్టను తడిమి చూసింది. పొడిగా ఉంది. అతన్ని చూసింది. ముక్కు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమెకు నవ్వు ఆగలేదు.

"తువ్వాలు ఇయ్యమంటావా, నువ్వే ఆరతావా?" అంది నవ్వుతూనే. "వానకు తడవని పుస్తకం యాడైనా ఉంటే బాగుండు. నీకు గొడుగు మిగిలేది."

ఆ నవ్వుతో వెంకటేశులు పని అయిపోయింది. ఆ తర్వాత వారంలో ఆరు రోజులు అతను హిందూపురంలో ఉన్నా, ప్రాణం పెనుకొండలోనే ఉండేది. అట్టలు కడుతూ కుట్ల మీద వేలితో రాసేవాడు. ఏ కుట్టు నాగేంద్రమ్మదో, ఏ కుట్టు నీలావతిదో చూడకుండానే చెప్పగలిగేవాడు. రైలు పెనుకొండ దాటాక కొండ కనబడినంతసేపూ కిటికీ దగ్గర నుంచి కదిలేవాడు కాదు. కొండ కనుమరుగైతే, ఇంక వారం దాకా ఏముందిలే అని దిగులు పడేవాడు.

చెప్పాలనే ఉండేది. కానీ పనికి వచ్చేవాడు పని చూసుకు పోవాలి గానీ ఆ ఇంటి పిల్లతో ఏమని చెబుతాడు? ఆమె మనసులో ఏముందో తెలిసేదెలా?

నీలావతి కట్టలో ఒక వింత ఉండేది. అన్ని పుస్తకాలకూ దారం నీటుగా కత్తిరించి, అన్నిటికంటే కింద ఉన్న పుస్తకానికి మాత్రం జానెడు కొస వదిలేసేది. వెంకటేశులు నీటు మనిషి. జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. కట్ట తీసుకోగానే ఆమె ఎదురుగానే ఆ కొస టక్కున కోసేసేవాడు.

"ప్రతిసారీ ఇదొకటి మర్చిపోతాండావే," అని ఏడిపించాడు ఒకసారి.

నీలావతి మొహం చిన్నబోయింది. "మర్చిపోయేదాన్నయితే ఒకసారి మర్చిపోతా. ప్రతిసారీ మర్చిపోతానా?"

తప్పు దొరికిపోయినందుకు సిగ్గుపడిందనుకున్నాడు మన నీటు మనిషి. ఆ పై వారం కట్టలోనూ కొస ఉంది. అదీ కోశాడు.

చెప్పిన మాట ప్రకారం ఏజెంటు మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకో బొమ్మ కూడా తెచ్చాడు. రెండు రోలర్లు, పక్కన ఒక చక్రం.

"ఇది అట్టలకు మెరుగు పెట్టేది. జిగురు పూసిన అద్దం కాగితం అట్ట మీద పరిచి, రోలర్ల నడుమ తిప్పితే అతుక్కుపోతుంది. అట్ట తళతళా మెరుస్తుంది. నీళ్లు పోసినా..."

"నీళ్లు పోసినా?" వెంకటేశులు లేచి నిలబడ్డాడు.

"తడవదు."

"రాసుకో. ఇది నాకు కావాల."

ఏజెంటు తెల్లబోయాడు. "కుట్టు మెషిన్ లేకుండా మెరుగు మెషినా? తలకు నూనె లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుండాదే!"

"కుట్టు నాకు పెనుకొండలో బాగా పడతాండాది."

"ఓరే, వచ్చేది బడుల కాలం," అంది కదిరమ్మ లోపలి నుంచి. "ఎంత మెరుగు పెట్టినా కుట్టనిదే పుస్తకమైతాదా?"

వెంకటేశులు వినిపించుకోలేదు. వానకు తడవని పుస్తకం నీలావతి చేతిలో పెట్టాలన్న ఒక్క ఆలోచనే అతనికి ఉంది. పెడితే ఇంక చెప్పాల్సింది అదే చెబుతుంది అనుకున్నాడు.

ఆ ఉత్సాహంలోనే పెనుకొండ వెళ్లాడు. నాగేంద్రమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. వెనకే నీలావతి సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అక్కా, మెషిన్ కొన్నా!" అన్నాడు.

"అట్లనా నాయనా? అయితే మా చేతికుట్టుతో నీకింక పని లేనట్టే."

కాదు, నేను కొన్నది కుట్టేది కాదు అనే మాట నోటి దాకా వచ్చింది. చెబితే ముచ్చటేముంది? మెరిసే పుస్తకం చేతిలో పెట్టినప్పుడు నీలావతి మొహం చూడాలి. అందుకని మీసం కింద నవ్వు దాచుకుని, "వచ్చేవారం చూస్తురు గానీలే!" అన్నాడు.

సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోవడం అతను గమనించలేదు. అలవాటుగా కొస దారం కోసి, కట్ట భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మరుసటి వారం వాన జోరుగా ఉంది. వెంకటేశులు కావాలనే గొడుగు ఇంట్లో వదిలేశాడు. కాగితాల కట్టను గోనెలో చుట్టి, కొత్త మెషిన్ మీద మెరుగు పెట్టిన ఒక పుస్తకాన్ని మాత్రం చేతిలో బయటికే పట్టుకుని వానలో దర్జాగా నడిచాడు. నాగేంద్రమ్మ గుమ్మంలో నీలావతి లేదు.

"నీలావతి యాడక్కా?"

"ధర్మవరం పోయింది నాయనా. వాళ్ల నాయన సంబంధం చూస్తానని ఎన్నిసార్లో కబురు పంపినాడు. ఈడ పని ఉండాది, పని ఉండాది అని ఇన్నాళ్లూ తప్పించుకుంటా వచ్చె. ఇంక ఈడ నా పనేముందిలే అత్తా అని తనంతట తనే పాయె. ఇదో, నీ కట్ట."

వెంకటేశులు కట్ట తిరగేశాడు. కింది పుస్తకం చూశాడు. కొస లేదు. అన్నీ మొదలంటా కత్తిరించి ఉన్నాయి. నీటు మనిషికి కావలసింది అదే కదా! అయినా అంత నీటుగా ఉన్న కట్టను చూస్తే అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి అవ్వ ముందు కూలబడ్డాడు. ఏమి జరిగిందో, ఏమి జరగలేదో అంతా చెప్పాడు. కొస దారం సంగతి వచ్చేసరికి కదిరమ్మ చేతిలోని గరిటె ఆగింది.

"ప్రతి కట్టకూ ఒక కొస ఉంచుతాండెనా? ఆ పిల్ల నేతోళ్ల పిల్లేనా?"

"అవునవ్వా. మనోళ్లే."

"మనోళ్లేనంట! మీ తాత ధర్మవరంలో మగ్గం వదిలి ఈ ఊరొచ్చి అట్టలు కట్టబట్టె, నీకు మన పద్ధతి ఒక్కటన్నా తెలియకపాయె." కదిరమ్మ తల కొట్టుకుంది. "చీర అయినాక చీరను కోసుకుంటాం గానీ, కొస పోగులు మగ్గంలోనే ఉంచుతాం రా. కొత్త పడుగు పోగులు అతికేది వాటికే. కొస ఉండాదంటే పని మళ్లీ ఉన్నట్టు. కొస కూడా కోసినారంటే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయినట్టు. ఆ పిల్ల నీకు మళ్లీ రమ్మని చెప్తాంటే, నువ్వేం చేసినావు?"

"కోసినా."

"దాని ముందరేనా?"

"దాని ముందరే."

"ప్రతిసారీనా?"

వెంకటేశులు తల వంచుకున్నాడు. కదిరమ్మకు మనవణ్ణి కొట్టాలో, ఓదార్చాలో తెలియలేదు.

మరునాడు అతను రైల్లో పెనుకొండ దాటి ముందుకు పోయాడు. అట్లా పోవడం అదే మొదటిసారి. కొండ ఎదురొచ్చి, పక్కకొచ్చి, వెనక్కి పోయింది. సంబంధం వాళ్లు ఈపాటికే వచ్చి పోయారేమో అన్న భయంతో కిటికీలోంచి అతను ఏమీ చూడలేదు.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే ఎదురైంది. ఓబుళప్ప ఇంట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. కొత్త పడుగు అతుకుతున్నారు. నీలావతి మగ్గం వెనక కూర్చుని, పోగు జారకుండా వేళ్లు బూడిదలో అద్దుకుంటూ పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి మెలిపెడుతోంది. పక్కన ఆమె నాయన పోగులు అందిస్తున్నాడు.

"ఎవరబ్బా నువ్వు?" అన్నాడు ఓబుళప్ప.

"హిందూపురం. బైండింగు అంగడి."

నీలావతి తల ఎత్తలేదు. "మెషిన్ కొన్న ఆయప్ప నాయనా," అంది.

వెంకటేశులు గడప దగ్గరున్న చెంబు తీసుకుని, చేతిలోని పుస్తకం అట్ట మీద నీళ్లు ఒలకబోశాడు. ఓబుళప్ప అదిరిపడ్డాడు. నీళ్లు అట్ట మీద నిలవకుండా జారి నేల మీద పడ్డాయి. అట్ట తళతళలాడింది.

"వానకు తడవని పుస్తకం ఉంటే బాగుండు అంటివే. ఆ మెషినే కొన్నా. కుట్టేది కొనలేదు."

ఆమె వేళ్లు ఆగాయి. "ఎందుకు కొనలేదు? నీకు కుట్టేదే కదా కావాల్సింది."

"అది కొంటే పెనుకొండకు ఎట్ల వచ్చేది? నిన్ను ఎట్ల చూసేది?"

వెంకటేశులు పుస్తకాన్ని తిప్పి ఆమె ముందు పెట్టాడు. వీపు మీద కుట్లు పైకొకటి, కిందికొకటి పోయాయి.

"ఇది ఎవరు కుట్టినారు?" అంది నీలావతి. "ఎలుక కొరికినట్టుండాది."

"నేనే, రాత్రి కూర్చోని. నాకు చేతనైంది అంతే." వేలితో కొస చూపించాడు. "కొస మాత్రం కోయలేదు, చూడు. నాకు తెల్దు నీలావతీ. మా అవ్వ చెప్పేదాకా తెల్దు. తెలిసుంటే ఒక్కటి కూడా కోసేవాణ్ణి కాదు."

జానెడు దారం పుస్తకం నుంచి వేలాడుతోంది. నీలావతి దాన్ని చూస్తూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకోబోతే బూడిద చెంపకంటింది.

ఓబుళప్ప దారాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, నిన్నటి వానకు నానిన చెప్పులతో గడపలో నిలబడ్డ కుర్రవాణ్ణి చూశాడు. మగ్గం మీద పుట్టి పెరిగినవాడికి ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఎవరి మనవడివబ్బా నువ్వు?"

"కదిరమ్మ మనవణ్ణి."

"ఈ వీధి కదిరమ్మా? మా నాయన మగ్గానికి పడుగు అతికిన చెయ్యి కదా అది!" ఓబుళప్ప తలపాగా సవరించుకున్నాడు. "మరి వచ్చే సోమవారం చూసేదానికి వస్తామన్న వాళ్లకు ఏమి చెప్పేదే నీలా?"

"చేతులు ఖాళీ లేవని చెప్పు నాయనా."

ఆయన గట్టిగా నవ్వేశాడు. "నువ్వు పోయి మీ అవ్వను పిల్చుకోని రాపో అబ్బా. తక్కిన మాటలు పెద్దోళ్లం మాట్లాడుకుంటాం," అని, తాగడానికి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాడు. మజ్జిగ తేవడానికి అంతసేపు పట్టదు. ఆయన మాత్రం చాలాసేపు రాలేదు.

నీలావతి వేళ్లు బూడిదలో అద్దుకుంది. మిగిలిన ఎర్ర పట్టుపోగు ఒకటి తీసి, పుస్తకం కొసకు చేర్చి, ముడి వేయకుండా మెలిపెట్టింది. లాగి చూసింది. ఊడలేదు.

"ఆ కుట్టు మెషిన్ కూడా కొనుక్కో," అంది, దాని మీదే చూపు ఉంచి. "బడులు తెరిచే పొద్దుకు పుస్తకాలు ఇయ్యొద్దా? పెనుకొండకు పోయే పని ఇంక నీకేముండాది?"

వెంకటేశులు ఆ ఎర్ర పోగును వేలికి చుట్టుకున్నాడు.

"దాని రంగు బాగలేదు," అన్నాడు.

"రంగు నేనొచ్చి చూస్తాలే," అంది నీలావతి.