సముద్రానికి ఎదురుగా సరుగుడు

"మీ మేక మా సరుగుడు మొక్కల్ని మేసేసిందండీ!"

గట్టు మీద నిలబడి అరుస్తున్న ధనరాజుని జీవరత్నం ఎగాదిగా చూసింది. గుడివాడ నుంచి దివిసీమకి వచ్చిన సహాయ సంఘం మనిషి. ఇస్త్రీ ప్యాంటుకి మోకాళ్ల దాకా బురద.

"అవి పెరిగితే సముద్రపు గాలిని ఆపుతాయి. మీ పొలం కోసమే!"

"అందాకా మేక ఏం తినాలి? మీ లెక్చరా?"

అతను నవ్వాపుకోవడం ఆమె కంటపడింది. ఒళ్లు మండింది.

డెబ్బై ఏడు ఉప్పెన ఆమె నాన్నని తీసుకుపోయింది. ఎకరం చేనూ ఉప్పు తేలి తెల్లబడింది. తల్లి కృపమ్మకీ తనకీ ఆ మేకే ఆధారం. అందుకే, మొక్కలు బతికేదాకా మేకల్ని కట్టేయాలని ఊరి మీటింగులో పెద్దలు అనగానే జీవరత్నం హడలిపోయింది.

ధనరాజు లేచాడు. "కట్టేస్తే మేత ఎక్కడిదండీ? సముద్రం వైపు సరుగుడు వేద్దాం, చేల గట్ల మీద అవిసె వేద్దాం. అవిసె ఆకు కోతకొచ్చేదాకా మేత తెప్పించే పూచీ నాది."

తన గొడవ అతని నోట వింటుంటే ఆమె కోపం ఎటు పోయిందో!

ఊరంతా వంతులేసుకుని మొక్కలకి నీళ్లు మోసింది. జీవరత్నం వంతు రోజున ధనరాజూ కావడి ఎత్తేవాడు.

"సగం నీళ్లు ప్యాంటుకే పోస్తున్నారు. అదేమన్నా మొక్కా?"

"మీరు చూస్తుంటే కాళ్లు తడబడుతున్నాయండీ."

రెండు వానాకాలాలు ఉప్పుని కడిగేశాయి. సరుగుడు మనిషెత్తు దాటింది. వరి మళ్లీ పచ్చబడింది. అంతలో సంఘం అతన్ని బంటుమిల్లి రమ్మంది.

వాన కురుస్తుంటే చూరు కింద నిలబడి అడిగాడు: "నాతో వస్తారా?"

"నాన్న పోయిన నేల ఇది. వదిలి రాను."

అతను తడుస్తూ వెళ్లిపోయాడు. అంతా అయిపోయిందనుకుని ఆమె ఏడ్చింది.

ఆదివారం ధనరాజు తన తల్లి ప్రభావతిని వెంటబెట్టుకొచ్చాడు.

"మా పిల్ల ఊరు దాటదు వదినగారూ," అంది కృపమ్మ బెరుగ్గా.

"దాటక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లకి మొక్కలు పెంచివ్వడానికి వీణ్ణి ఇక్కడే ఉండమని మీ పెద్దలు ముందే అడిగారట. మీ పిల్ల రానన్నాక వీడు సరేనన్నాడు."

తడిక వెనక నుంచి జీవరత్నం దూసుకొచ్చింది. "ఆ మాట ఆవేళే చెప్పొచ్చుగా?"

"మా అమ్మని అడక్కుండా ఎలాగండీ?"

"ఇంకా అండీ ఏమిటి?"

కృపమ్మ పకపకా నవ్వింది. ఉప్పెన తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడటం అదే మొదలు.