కోతుల లైటు, కల్పన కన్ను

"అన్నలూ, అక్కలూ! ఇయ్యాల మన చేతికొచ్చింది కోతుల లైటు. పనికొస్తదా, పక్కకు పెట్టాల్నా? సూద్దాం పాండ్రి!"

కేసముద్రం శివారులో మక్కచేను గెట్టు మీద, స్టాండుకు తగిలించిన ఫోను ముందు నిలబడి రంజిత్ ఈ మాట ఆరోసారి అంటున్నాడు. మొదటి ఐదుసార్లూ తడబడ్డాడు. చేనులోని కోతులు తినడం మానేసి అతన్నే చూస్తున్నాయి.

రైతులు కొనే వస్తువులను ముందు తాను కొని, నీళ్లలో ముంచి, కింద పడేసి, అవి బతికి బయటపడితేనే "పనికొస్తది" అని చెప్పే చానల్ అతనిది. ఇప్పటికి మందుకొట్టే మిషన్లు మూడు, తలకు కట్టుకునే లైట్లు ఐదు అతని చేతిలో ప్రాణం విడిచాయి.

ఈసారి వంతు ఆకుపచ్చ లేజర్‌ది. చేన్ల మీద పడే కోతులను బెదిరించడానికి చుట్టుపక్కల ఊళ్లలో అందరూ దీన్నే తెప్పించుకుంటున్నారు. అరచేతి పొడవు, నల్లటి అల్యూమినియం ఒళ్లు, పక్కన ఒక మీట. డబ్బా మీద ఐదు మిల్లీవాట్లని రాసి ఉంది.

"బాడీ గట్టిగున్నది. మర మంచిగ తిరుగుతాంది. లైటు ఆ నీళ్ల ట్యాంకు దాక కొడ్తాంది. ఇగ ఆఖరి పరీక్ష, కింద పడేసుడు!"

ఛాతీ ఎత్తు నుంచి వదిలాడు. లేజర్ గెట్టు రాయికి తగిలి ఎగిరి దొర్లింది. మీట లోపలికి దిగబడి అక్కడే ఇరుక్కుపోయింది. పచ్చటి గీత తుమ్మకంపల మీదుగా బాట మీదికి జారి, టిఫిన్ బాక్సు పట్టుకొని వస్తున్న ఒక అమ్మాయి ముఖం మీద పడింది.

"అబ్బా!"

టిఫిన్ బాక్సు కింద పడింది. రంజిత్ పరుగెత్తి లేజర్ మీద దుమికి, మర విప్పి, సెల్లు ఊడబీకాడు.

"ఎవరయ్యా నువ్వు? మనిషికి కోతికి తేడా తెల్వదా?"

"సారీ మేడం! మీట ఇరుక్కున్నది మేడం!"

"ఇరుక్కుంటది, నీ చేతుల పడ్డంక ఏదైనా ఇరుక్కుంటది! ముందుగల ఆ ఫోన్ బంద్ చెయ్యి."

బంద్ చేశాడు. ఆమె కోపంలో కూడా ముక్కుపుడక మెరుస్తూ బాగుందని ఒక్క క్షణం అనుకున్న మాట నిజమే. ఆ తర్వాత ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసి, దూరంగా పట్టాల పక్కనున్న సిగ్నల్ వైపు చూసింది. చేయి మార్చి మళ్లీ చూసింది. ముఖం తెల్లబోయింది.

"ఏమైంది మేడం?"

"కుడి కన్నుతోని చూస్తే సిగ్నల్ పక్కపొంటి మచ్చ కనవడ్తాంది. పోతలేదు."

"జర సేపు ఆగితే పోతదేమో..."

"పోకుంటే?" ఆమె కింద పడ్డ టిఫిన్ బాక్సు తీసి దుమ్ము దులిపింది. "మా బాపు సమ్మయ్య గీ లైన్ల కీమ్యాన్. ముప్పై ఏండ్ల సంది పట్టాల ఎంబడి నడుస్తుండు. నాకు అసిస్టెంట్ లోకో పైలట్ సెలెక్షన్ అయింది. ఇరవై రెండు రోజులకు మెడికల్. అద్దాలు లేకుంట రెండు కండ్లు సాఫ్‌గ ఉండాలె. ఒక్క కన్ను తప్పినా ఇంజన్ ఎక్కనియ్యరు."

రంజిత్ ఫోను స్టాండు మడిచి పక్కన పెట్టాడు. ఆమె పేరు కల్పన అని అడిగి తెలుసుకున్నాడు. తన పేరు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

మర్నాడు ఇద్దరూ ఒకే రైల్లో, వేరువేరు పెట్టెల్లో కూర్చుని వరంగల్ కంటి దవాఖానకు వెళ్లారు. డాక్టర్ చాలాసేపు లైటు వేసి చూశాడు.

"లోపల చిన్న కాలిన మచ్చ ఉందమ్మా. చూపు నడిబొడ్డున పడాల్సింది, వెంట్రుకవాసిలో పక్కన పడింది. వాపు తగ్గితే చూపు సాఫవుతుంది. తగ్గకపోతే మచ్చ ఉండిపోతుంది. అసలు ఆ లేజర్ పవరెంత?"

"ఐదని రాసి ఉన్నది సార్," అన్నాడు రంజిత్.

"ఐదయితే ఇట్లా కాలదు. కొలిపించుకుని రా. ఈ అమ్మాయికి ఏం చెప్పాలన్నా నాకది తెలియాలి."

కల్పన చేతికి ఒక గళ్ల కాయితం ఇచ్చాడు. నడుమ ఒక చుక్క. కుడి కన్నుతో చుక్కనే చూస్తూ, వంకరగా కనిపించే గళ్లు ఎన్నో రోజూ లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు లెక్క ఏడు.

రంజిత్ అటునుంచి అటే జనగామ పోయాడు. అక్కడ డిగ్రీ చదివినప్పుడు ఫిజిక్స్ చెప్పిన వెంకట్రాం సారు ల్యాబ్‌లో లేజర్‌ను మీటర్ ముందు బిగించాడు. అంకె ఐదు దాటింది. యాభై దాటింది. తొంభై రెండు దగ్గర నిలబడింది.

"దీనికి లోపల ఫిల్టర్ కూడ లేదురా. కంటికి కనవడని వేడి గూడ ఎంబడే వస్తాంది. దీన్ని ఎవరి మీదనన్న కొట్టినవా?"

రంజిత్ లేజర్‌ను మీటర్ ముందు నుంచి ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. ఎన్నో వస్తువులను పరీక్షించాడు గానీ, పరీక్ష ఫలితం చూసి ఇంత భయపడటం అతనికి ఇదే మొదలు. బస్సులో కేసముద్రం వచ్చేదాకా ఆ తొంభై రెండే కళ్ల ముందు తిరిగింది.

డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాడు. కల్పనకు చెప్పడానికి ఆమెను కేసముద్రం స్టేషన్‌లో చివరి బెంచీ దగ్గరికి రమ్మన్నాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు, ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాడు.

"తొంభై రెండా?" ఆమె పట్టాల వైపు తిరిగింది. "బాపుకు చెప్పకు. పట్టాల మీద నడిచే మనిషి. ఇదే రంది పెట్టుకొని నడిస్తే ఎనకొచ్చే బండి గూడ ఇనవడది. ఒట్టెయ్యి."

"ఒట్టు."

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఆ బెంచీ వాళ్లదయింది. రంజిత్ గళ్ల కాయితాన్ని సరిగ్గా మూరెడు దూరంలో పట్టుకునేవాడు. ఆమె ఎడమ కన్ను మూసుకుని లెక్కపెట్టేది. ఏడు, ఏడు, ఆరు. తర్వాత నాలుగు రోజులు ఐదు. పక్కన ఒక నోటుబుక్కు, అందులో తేదీ, గళ్ల లెక్క. ఆమె లెక్క చెప్పేలోపు అతను ఊపిరి బిగబట్టేవాడు.

"నన్ను గూడ నీ చానల్ల పెడ్తవా ఏంది? 'కల్పన కన్ను, పనికొస్తదా, పక్కకు పెట్టాల్నా' అని?"

"అట్లనకు కల్పనా." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓయ్! కన్ను నాది. ఏడ్చుడు నీదా?"

"నాకు నిద్ర వస్తలేదు. కండ్లు మూస్తె పచ్చ గీతే వస్తాంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నేను గూడ నిన్ను టెస్ట్ చేస్తున్న. బాడీ గట్టిగనే ఉన్నది గని, లోపట స్ప్రింగ్ లూజున్నది."

"రేటింగ్ ఎంతిస్తవ్?"

"టెస్టింగ్ నడుస్తాంది. తొందరపడకు."

నవ్వింది. ఆ నవ్వు కోసం రోజంతా ఎదురుచూస్తున్నానని రంజిత్‌కు అప్పుడు తెలిసింది. తెలిసి ఇంకా భయమేసింది. ఈ కన్ను బాగుకాకపోతే ఈ నవ్వు ముందు నిలబడే ముఖం తనకుంటుందా?

చినుకులు పడుతున్న ఒక సాయంత్రం, గూడ్సు బండి పోతుంటే ఆమె చెప్పింది. "ఇంజన్ల ఇద్దరుంటరు. సిగ్నల్ కనవడంగనే ఒకరు దాని రంగు గట్టిగ అనాలె. రెండోవాళ్లు చూసి, అదే మాట మల్ల అనాలె. ఒక్కరు చూస్తే సరిపోదు, ఇద్దరూ చూడాలె. చిన్నప్పటి సంది బాపు, నేను గిదే ఆట ఆడుతం."

"రెండోవాళ్లు అనకుంటే?"

"అనేదాక భయమే."

పద్నాలుగో రోజుకు లెక్క ఒకటికి వచ్చింది. పదిహేనో రోజు ఒకటి. పదహారో రోజూ ఒకటే. ఆ ఒక్క గడి వంకర పోవడం లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ జోకులేయలేదు. ఆమె కాయితం మడిచి, "ఇది ఉండిపోతదేమో," అని మెల్లగా అంది. అతను నోటుబుక్కులో తేదీ పక్కన మళ్లీ ఒకటి రాసి, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఇలాంటివి ఊళ్లో దాగవు కదా. బెంచీ దగ్గర "కంట్ల కొట్టిన" అని రంజిత్ అనడం టీ కొట్టతను విన్నాడు. అతని దగ్గర టీ తాగినవాళ్లు ఇంటికి వెళ్లేసరికి అది "కన్ను కొట్టిండంట"గా మారింది. పదిహేడో రోజు పొద్దున, భుజం మీద పొడుగు కర్ర సుత్తితో సమ్మయ్య రంజిత్ ఇంటి ముందు నిలబడ్డాడు.

"నువ్వేనారా రంజిత్ అంటే?"

"నేనే కాకా." ముప్పై ఏళ్లు ఇనుము మీద కొట్టిన ఆ సుత్తి నుంచి రంజిత్ చూపు తిప్పుకోలేకపోయాడు.

"నా బిడ్డకు కన్ను కొట్టినవంట. నిజమేనా?"

రంజిత్ ఆలోచించాడు. కొట్టలేదంటే మరి రోజూ బెంచీ మీద ఏం పనని అడుగుతాడు. ఉన్నది చెబితే ఒట్టు పోతుంది, ఈ మనిషి రంది పెట్టుకుని పట్టాల మీద నడుస్తాడు. ఒకసారి కళ్లు గట్టిగా మూసి తెరిచాడు.

"నిజమే కాకా. కొట్టిన."

"ఏ కన్ను?"

"కుడి... కాదు, ఎడమ కన్ను కాకా."

సమ్మయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. సుత్తి ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "మెడికల్ అయ్యేదాక ఆ బెంచీ దిక్కు రాకు. ఫోన్ గూడ చెయ్యకు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఐదు రోజులు రంజిత్ తిన్నది తిన్నట్టు లేదు. ఆ ఒక్క గడి ఏమైందో తెలియదు. వీడియో మాత్రం చేశాడు. మీట ఇరుక్కోవడం, డబ్బా మీద ఐదు, మీటర్ మీద తొంభై రెండు, అన్నీ చూపించాడు. "కోతులు పోతయో పోవో గని, మీ ఇంట్లోళ్ల కండ్లు పోతయ్. దీన్ని నేను పడేసిన. ఒకరికి కంటికి తగిలింది. తప్పు నాదే," అని చెప్పి ముగించాడు. పేరు చెప్పలేదు.

మెడికల్ అయిన మర్నాడు మధ్యాహ్నం, సికింద్రాబాద్ నుంచి పాసింజర్ వచ్చే వేళకు స్టేషన్‌కు వెళ్లాడు. ప్లాట్‌ఫాం మీద అప్పటికే సమ్మయ్య ఉన్నాడు. రంజిత్ ఒక స్తంభం వెనక నిలబడ్డాడు. సన్నటి స్తంభం, మనిషి సగం బయటికే ఉన్నాడు.

బండి ఆగింది. కల్పన దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖంలో ఏమీ తెలియడం లేదు. తండ్రిని దాటి నేరుగా స్తంభం దగ్గరికి వచ్చింది.

"లేజర్ తగిలిందని డాక్టర్లకు నేనే చెప్పిన," అంది. "దాచిపెట్టి బండెట్ల నడుపుత? మందేసి మూడుసార్లు చూసిండ్రు."

"ఇగ ఏమన్నరు?" అన్నాడు రంజిత్.

ఆమె ఎడమ కన్నును అరచేత్తో మూసింది. ప్లాట్‌ఫాం చివర, బండికి ఇచ్చిన సిగ్నల్ వైపు చూసింది.

"పచ్చ," అంది గట్టిగా. "మచ్చ లేదు. గళ్లన్ని సక్కగున్నయ్. పాసయిన."

రంజిత్ స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

సమ్మయ్య దగ్గరికి వచ్చాడు. "ఇంట్ల బియ్యం డబ్బా ఎనుక దాచిన గళ్ల కాయితం మొదటి నాటి సందే చూస్తనే ఉన్న. దాని మీది కంటి దవాఖాన పేరు చదవరాదా నాకు? బిడ్డ చెప్తదేమోనని నేను చూస్తున్న, నాకు తెల్వొద్దని అది దాస్తాంది. అయినా, ఆడపిల్ల తండ్రి సుత్తి పట్టుకొని అడిగితే, కన్ను కొట్టినోడు ఎవడన్న 'కొట్టిన' అని ఒప్పుకుంటడా? ఏ కన్నో గూడ తెల్వకపాయె నీకు!"

"తప్పయింది కాకా."

"ఇంకొక్కసారి కాకా అన్నవంటే ఇది నీకు చెల్లె అయితది. నీ ఇష్టం."

రంజిత్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడ్డాడు. "తప్పయింది... మామా."

కల్పన అటు తిరిగి నవ్వు ఆపుకుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి చూపులో కొంచెం భయం ఉంది. అలాంటి భయం ఆమె ముఖంలో అతను చాలా రోజులకు చూశాడు.

"ఇందాక పచ్చ అన్న," అంది. "నువ్వు మల్ల అనలే."

రంజిత్ లేచి నిలబడ్డాడు. సిగ్నల్ చూశాడు. తర్వాత ఆమె రెండు కళ్లూ చూశాడు.

"పచ్చ," అన్నాడు.

ఇంజన్ కూతవేసింది, పాసింజర్ కదిలింది.